పదకొండు ఇంటిమాటలు

రేడియోలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు పోయిన నెల మా ఇంటికి వచ్చారు. "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి, రాసుకుంటాం" అన్నారు. కాఫీ పోసి గంటన్నరసేపు చెప్పాను. వాళ్ళు లేచేటప్పుడు నోటుపుస్తకం ఒకసారి ఇటివ్వమని తీసుకుని చూశాను. నేను ఎప్పుడు చేరాను, ఎప్పుడు పర్మనెంటు అయ్యాను, రిటైరయ్యే రోజు ఎన్ని శాలువాలు కప్పారు అన్నవి నీటుగా రాసి ఉన్నాయి. మిగిలిందంతా "ఇతర విషయాలు" అనే ఒక్క ముక్క కింద పోయింది.

నాకు తెలిసి మన ఉద్యోగమే ఇతర విషయాలు. అందుకని వాటిని నేనే రాసి ఇస్తున్నాను. శాలువాల సంగతి వదిలేయండి. అవి బీరువాలో ఉన్నాయి, బాగానే ఉన్నాయి.

నా పేరు సరోజ. ప్రొద్దుటూరులో మాదొక చిన్న ఎఫ్.ఎం. రేడియో స్టేషను. టవరు మాత్రం పెద్దది కాబట్టి ఇటు జమ్మలమడుగు, అటు పులివెందుల చుట్టుపక్కల పల్లెల దాకా మా గొంతులు వెళ్ళేవి. నేను అనౌన్సర్ని. కార్యక్రమాలు తయారుచేసేదాన్ని కూడా. నన్ను చూడనివాళ్ళు కూడా "రేడియో సరోజక్క" అని పిలిచేవారు. అన్ని రకాల కార్యక్రమాలూ చేశాను కానీ, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళ గురించి జనానికి జాగ్రత్తలు చెప్పిన ఆ కొన్ని నెలల్లో నేర్చుకున్నంత, మిగతా ఉద్యోగమంతా కలిపినా నేర్చుకోలేదు. చేసిన తప్పులు కూడా అప్పటివే ఎక్కువ.

నగల అంగళ్ళవాళ్ళు వచ్చిన రోజు

ఆ ఏడు వాట్సాపులో ఒకటే గోల. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా దిగిందని, బస్సులో వచ్చిందని, కాదు కాదు లారీలో వచ్చిందని. మా ఊరి సి.ఐ. గారు స్టేషనుకు వచ్చి, "జనం భయపడి ఎవర్నో కొట్టి చంపేట్టున్నారు. మీరు నాలుగు మంచి మాటలు చెప్పండి" అని అడిగారు.

మా స్టేషన్ డైరెక్టరు శేషగిరిరావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. చదువుకున్నవారు, పద్ధతైనవారు. మా సీమ మాట ఆయన చెవికి గరుకుగా తగిలేది. ఆ ప్రకటన ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఆయనే రాశారు: "అపహరణల పట్ల అప్రమత్తులు కండి. సదా జాగరూకులై వర్తించండి." నేను చదివాను. రోజుకు ఆరుసార్లు వేశాం.

నాలుగో రోజు పొద్దున నలుగురు బంగారు వ్యాపారులు స్టేషనుకు వచ్చారు. ముందు నడుస్తున్నది సుబ్బయ్యశెట్టి. మా పెళ్ళికి తాళిబొట్టు చేసిచ్చింది ఆయన అంగడే. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏంది సరోజమ్మా, మేము మీకేమన్నా అన్యాయం చేస్తిమా?" అన్నాడు.

"ఏమైంది మామా?"

"ఏమైందా? శ్రావణమాసం ముందర పెట్టుకొని, ఆభరణాల పట్ల అప్రమత్తులు కండి అని దినానికి ఆరుసార్లు చెప్తాండావే! నిన్న ఒకామె కమ్మలు చెవికి పెట్టుకొని అద్దంలో చూసుకొని, 'వద్దులే శెట్టీ, రేడియోలో జాగ్రత్త అంటాండారు' అని తీసి పెట్టేసి పాయ."

డైరెక్టరు గారు గదిలోంచి బయటికి వచ్చారు. "అయ్యా, ఆభరణ కాదు, అపహరణ. అ-ప-హ-ర-ణ" అని ఒక్కో అక్షరం విడదీసి చెప్పారు.

"అంటే ఏంది సార్?"

"అంటే, ఎత్తుకుపోవడం."

సుబ్బయ్యశెట్టి నెత్తి కొట్టుకున్నాడు. "మరి ఆ మాటే చెప్పొచ్చు గదా సార్? మధ్యలో మా అంగళ్ళ మీద ఎందుకు పడ్తారు?"

అప్పటికి రెండు రోజుల ముందే ఒకామె ఫోన్ చేసి, అపహరణ జువెలర్స్ మెయిన్ బజారులో ఏ పక్కన ఉందని అడిగింది. నేను రాంగ్ నంబరనుకుని పెట్టేశాను. చూడండి, తప్పు ఎక్కడ జరుగుతోందో శ్రోత మనకు ఫోన్ చేసి మరీ చెబుతుంది. మనమే పెట్టేస్తాం.

ఆ సాయంత్రం నుంచి "పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు" అని చదివాను. డైరెక్టరు గారికి అది మోటుగా అనిపించింది. కానీ నగల అంగళ్ళవాళ్ళు మళ్ళీ వస్తారనే భయం ఆయనకు భాష మీది ప్రేమ కంటే కొంచెం ఎక్కువే.

ఆయన చెప్పింది నిజమైన రోజు

ఆయన్ని ఎగతాళి చేయడానికే ఇది రాస్తున్నానని అనుకోకండి. ఒక విషయంలో ఆయనే కరెక్టు, నేను కాదు.

ప్రకటన చప్పగా ఉందని నాకు అనిపించింది. పక్కింటి పాప చేత "అమ్మా!" అని గట్టిగా అరిపించి, వెనకాల వ్యాను శబ్దం కలిపి, గుండె ఝల్లుమనేలా ఒకటి తయారుచేశాను. డైరెక్టరు గారు విన్నారు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

"సరోజగారూ, ఇది వేయొద్దు. భయపడ్డవాడు తన బిడ్డను కాపాడుకోడు. ఎదురుగా కనపడినవాణ్ణి కొడతాడు."

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆయనతో అవసరమైనంత వరకే మాట్లాడాను. తర్వాతి వారం అచ్చం అలాంటి ఏడుపే ఒకటి వాట్సాపులో తిరిగింది. అది విని వీరపునాయునిపల్లె దగ్గర ఒక పల్లెలో, దుప్పట్లు అమ్ముకునే మనిషిని చుట్టుముట్టారు. కట్టెలు కూడా తెచ్చారట. ఆయన్ని కాపాడింది ఒక ముసలామె. గుంపును తోసుకుంటూ వచ్చి, "జరగండప్పా, ఈయప్ప దొంగే, కానీ పిల్లోల్ల దొంగ కాదు. పోయిన నెల నాకు దుప్పటి అమ్మినాడు. ఒక్కసారి ఉతికితే సగమాయ. ఈయప్ప పోతే నా దుప్పటి ఎవరు మారుస్తారు?" అన్నదట. జనం నవ్వేశారు. నవ్వినాక కట్టెలు ఎత్తడం ఎవరికీ చేతకాలేదు. ఆయన దుప్పటి మార్చిచ్చి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నేను రికార్డు చేసిన ఆ కేకను చెరిపేశాను. డైరెక్టరు గారి గదికి వెళ్ళి ఆ మాట చెప్పాను. ఆయన "టీ తాగుతారా?" అన్నారు. అంతే.

పిల్లల దొంగ కాని ఓబులేసు

సి.ఐ. గారు మాకు ఒక సంగతి చెప్పారు. ఎత్తుకుపోయేవాడు సంచి భుజాన వేసుకుని రాడట. చాలాసార్లు ముఖం తెలిసినవాడే వస్తాడు. నవ్వుతూ, "మీ నాయన పంపించినాడు, రా పాపా" అంటాడు.

అది విన్నాక నాకు ఒక ఆలోచన వచ్చింది. ప్రతి ఇంట్లో ఒక మాట పెట్టుకోవాలి. ఏ మాటైనా సరే. అది అమ్మానాన్నలకూ బిడ్డకూ మాత్రమే తెలియాలి. బడి దగ్గరికి ఎవరు వచ్చి రమ్మన్నా, బిడ్డ ఆ మాట అడగాలి. చెబితే వెళ్ళాలి, చెప్పకపోతే అరవాలి. దానికి "ఇంటిమాట" అని పేరు పెట్టాను. సాయంత్రం ఐదింటికి పది నిమిషాలు, మా ఊళ్ళో మాట్లాడుకునేట్టే మాట్లాడి చెప్పాను. పిల్లలకు అదొక ఆటలా నచ్చింది. పెద్దవాళ్ళకు కూడా నచ్చింది, వాళ్ళదాకా రానంతవరకు.

ఒకరోజు నాలుగున్నరకు స్టేషనుకు ఫోన్ వచ్చింది.

"అక్కా, నేను ఓబులేసును. మాది పెద్దముడియం. జమ్మలమడుగులో బడి కాడ ఇరుక్కున్యా. మా అక్క కూతురు నాతో రానంటాంది. ఆ మాట ఏందో చెప్పు, పాపను తీసుకొని పోతా."

"మీ ఇంటి మాట నాకెలా తెలుస్తుంది నాయనా?"

"అదేందక్కా! పెట్టించింది నువ్వే గదా! మీ కాడ పుస్తకం ల్యాదా, అందరి మాటలూ రాసుకొనింది?"

పాపకు ఫోన్ ఇమ్మన్నాను. పేరు హారిక, మూడో తరగతి.

"హారికా, నీ పక్కన ఉండే ఆయన ఎవరో నీకు తెలుసా అమ్మా?"

"తెలుసు. మా మామ."

"మంచివాడేనా?"

"శానా మంచోడు. తిరునాళ్ళలో నాకు పీపీ కొనిచ్చినాడు."

"మరి పోవచ్చు కదా తల్లీ?"

"మాట చెప్పల్ల గదా. నువ్వే చెప్తివి."

పాప తల్లికి ఫోన్ చేయమన్నాను. చేశారు. ఆమె ఆ మాట మర్చిపోయింది. "వాళ్ళ నాయన పెట్టినాడు. ఏదో తినేదే" అన్నదట. ఆ నాయనేమో చేను కాడ ఉన్నాడు, అక్కడ సిగ్నలు లేదు.

ఆ తర్వాత జరిగింది ఓబులేసే నాకు చెప్పాడు. బడి ఎదురుగా టీ అంగడి ఉంది. దాని బల్ల మీద ఆయన్ని కూర్చోబెట్టారు. చుట్టూ ఆటోడ్రైవర్లు చేరారు. తినేదే అని తెలిసింది కాబట్టి ఆయన ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. దోసె అన్నాడు, ఓళిగ అన్నాడు, రాగిసంకటి అన్నాడు. పాప తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఆటోవాళ్ళు కూడా సాయం పట్టారు. ఒకాయన చికెన్ పకోడీ అంటే, "మేము తినము" అన్నదట పాప. తిండి పేర్లు విని విని అందరికీ ఆకలేసి, టీ అంగట్లో ఉన్నవన్నీ ఖాళీ చేశారు.

వెలుతురు తగ్గే వేళకు కబురంది తండ్రి వచ్చాడు. బండి దిగుతూనే "ఉగ్గాని" అన్నాడు. అదే, మా బొరుగుల ఉప్మా. పాప లేచి సంచి తగిలించుకుంది.

ఓబులేసు ఎగిరి లేచాడు. "ఉగ్గాని నేను చెప్తి గదే! నాలుగోసారికే చెప్తిని!"

"నువ్వు ఉగ్గాని బజ్జి అన్యావు" అంది హారిక. "మాటలో బజ్జి లేదు."

మరునాడు ఓబులేసు స్టేషనుకే వచ్చాడు. కొట్లాటకు వచ్చాడనుకుని నేను లోపలి గదిలోకి వెళ్ళిపోయాను. ఆయన పాపం నిలబడి, "అక్కా, ఊర్లో అందరూ నన్ను పిల్లల దొంగ అంటాండారు. కాదని ఒక్కసారి రేడియోలో చెప్పు" అని బతిమాలాడు. అది న్యాయమే అనిపించింది. సాయంత్రం వార్తల ముందు చెప్పాను: "పెద్దముడియం ఓబులేసు గారు పిల్లల దొంగ కాదు. శ్రోతలు గమనించగలరు."

అప్పటిదాకా ఆ సంగతి ఒక్క పెద్దముడియానికే తెలుసు. ఆరోజు నుంచి మా టవరు అందినంత మేరా తెలిసిపోయింది. ఇప్పటికీ ఆయన బస్సెక్కితే, "ఓ, పిల్లల దొంగ కాని ఓబులేసు!" అని సీటు ఇస్తారట. ఆయన నామీద కోపం పెట్టుకోలేదు. సీటు దొరుకుతోంది కదా అన్నాడు.

మీరు మైకులో ఒక పని చెయ్యమని చెబితే, పెద్దవాళ్ళు అందులో సగమే చేస్తారు. పిల్లలు మొత్తం చేస్తారు. రెండింటికీ సిద్ధపడే చెప్పండి.

ఆదివారం పొద్దున నేను చేసింది

ఓబులేసు కథతో ఇంటిమాట పేరు మోగిపోయింది. డైరెక్టరు గారు ఉత్సాహపడి, ఆదివారం పొద్దున లైవు ఫోనిన్ పెట్టమన్నారు. నేనూ ఉబ్బిపోయాను. కొత్త చీర కట్టుకుని వెళ్ళాను, రేడియోలో కనపడుతుందన్నట్టు.

మొదటి ఫోన్ జమ్మలమడుగు దగ్గర రైతుది. ఇంటిమాట పెట్టుకున్నామక్కా అన్నాడు. నేను అడగకూడని ప్రశ్న అడిగాను.

"భలే! ఏం మాట పెట్టుకున్నారు?"

"మా ఎద్దు పేరక్కా. రాముడు."

నాకు నవ్వు ఆగలేదు. "చాలా బాగుంది! తర్వాతి శ్రోత ఎవరో, వాళ్ళ మాటేమిటో చూద్దాం" అన్నాను. ఇక వరుసగా ఫోన్లు. ఒకరిది బెండకాయ, ఒకరిది ట్రాన్స్‌ఫార్మరు, ఒక కొత్త కోడలు పెట్టినది "అత్త నిద్రపోయింది". నేను ఒక్కొక్కటీ రెండుసార్లు పలికి మరీ మెచ్చుకున్నాను.

అద్దం అవతల మా ఇంజనీరు హుసేన్ ఉన్నాడు. మాటలు తక్కువ మనిషి. ఆరోజు రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. మెచ్చుకుంటున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపాను. తల పట్టుకున్నాడు. తర్వాత కాగితం మీద పెద్దక్షరాలతో ఏదో రాసి అద్దానికి ఆనించాడు. కళ్ళజోడు సంచిలో ఉంది. "ఆహా" అని రాశాడనుకున్నాను. అతను రాసింది "ఆపు".

చివరి ఫోన్ ఒక అవ్వది. "రేడియో అక్కా, బాగుండావా? నేను సింహాద్రిపురం లక్షుమ్మను. మా మనవరాలు సుప్రియ పులివెందుల బడిలో ఐదో తరగతి. వ్యానులో పోయొస్తాది. నేను నీకు ఒక మాట చెప్దామని..."

"చెప్పండవ్వా! మాట చెప్పండి!"

"అది గాదమ్మా, ఇప్పుడు వీళ్ళంతా చెప్తాండారు గదా..."

"అవునవ్వా, అందరూ చెప్పారు. మీదే మిగిలింది. టైము లేదు, మీ మాట ఏంది?"

అవతల ఒక నిట్టూర్పు వినపడింది. తర్వాత, "చీనీకాయ" అంది. "మా మాట చీనీకాయ."

"ఆహా, చీనీకాయ! పులివెందుల బత్తాయి! ఎంత తియ్యటి మాట!" అని కార్యక్రమం ముగించాను.

బయటికి వస్తే డైరెక్టరు గారు చెయ్యి కలిపారు. హుసేన్ మాత్రం వైర్లు చుడుతూ, తలెత్తకుండా అన్నాడు: "పదకొండు ఇండ్ల తాళాలు తీసి బజార్లో పెట్టినావక్కా."

అప్పుడు అర్థమైంది. అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. మా ఆయన ఫోన్ చేసి, కార్యక్రమం బాగుందని చెప్పడం అదే సమయానికి.

పది ఇళ్ళు, ఒక ఇల్లు

తప్పు చేశాక మొదటి గంటలో ఏం చేశామన్నదే ముఖ్యం. నేను వెంటనే మైకులో చెప్పేస్తానన్నాను. డైరెక్టరు గారు వద్దన్నారు, స్టేషను పరువు పోతుందని. వాదించగా వాదించగా, తానే రాసిస్తానన్నారు. రాసిచ్చింది ఇది: "ఇటీవల ప్రసారితమైన గూఢపదములను సంబంధిత శ్రోతలు యథోచితముగ పరివర్తన మొనర్చుకొనవలసినదిగ మనవి."

అది చదివాను. చదివి, మైకు కట్టేయకుండా, "ఇప్పుడు మామూలుగా చెప్తా వినండి. పొద్దున మాట చెప్పినవాళ్ళందరూ మాట మార్చుకోండి. ఈరోజే మార్చుకోండి. చెప్పించిన తప్పు నాది" అన్నాను. డైరెక్టరు గారు తన గది తలుపు వేసుకున్నారు. తిట్టలేదు.

ఫోన్ చేసినవాళ్ళ నంబర్లు మా దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కరికీ చేశాను. అందరూ సరేనన్నారు, ఎద్దు రైతు తప్ప. "ఇప్పుడు దాని పేరు మారిస్తే అది పలకదక్కా" అన్నాడు. ఎద్దుకు అదే పేరు ఉంచి, ఇంటికి వేరే మాట పెట్టుకోవచ్చని నచ్చజెప్పడానికి పావుగంట పట్టింది.

పదిమంది దొరికారు. లక్షుమ్మ దొరకలేదు. ఆమె చేసింది సింహాద్రిపురంలో ఒక ఎరువుల అంగడాయన ఫోన్ నుంచి. ఫోన్ కట్టేసి ఉంది. ఆయన తిరుమలకు వెళ్ళాడని తర్వాత తెలిసింది. సోమ, మంగళ, బుధ మూడు రోజులూ చేస్తూనే ఉన్నాను. నేనే వెళ్ళి చెప్పొస్తానని గురువారం సెలవడిగాను. రికార్డింగు ఉంది, శనివారం వెళ్ళమన్నారు డైరెక్టరు గారు. సరేనన్నాను. నా ఉద్యోగంలో అన్నిటికంటే చెడ్డ "సరే" అదే.

శుక్రవారం మధ్యాహ్నం పులివెందుల సి.ఐ. గారు ఫోన్ చేశారు. "సరోజమ్మా, మీరొకసారి పులివెందుల స్టేషనుకు రావాల. ఈ చీనీకాయ కత మీదేనంట గదా?"

"పాప?" అన్నాను.

"పాప బాగుంది. దొంగే బాగాలేడు."

డైరెక్టరు గారు తన కారు తీశారు. డ్రైవర్ని పిలవలేదు, ఆయనే నడిపారు. ముద్దనూరు దాటాం. అక్కడ గేరు మారుస్తూ, "శనివారం అన్నది నేను" అన్నారు. "సరేనన్నది నేను" అన్నాను.

పోలీసు స్టేషనులో సుప్రియ కుర్చీలో కూర్చుని, కాళ్ళు ఊపుతూ బిస్కెట్లు తింటోంది. ఒక మూల నేల మీద తలకు కట్టుతో ఒక మనిషి. ఒకప్పుడు వీళ్ళ చీనీతోటలో మందు కొట్టే పనికి వచ్చేవాడట. లక్షుమ్మ కొడుకుతో గొడవపడి మానేశాడు. ఆదివారం టీ అంగట్లో కూర్చుని నా కార్యక్రమం విన్నాడు. పాపను దాచిపెట్టి దుడ్లు అడగొచ్చనే బుద్ధి పుట్టింది.

మధ్యాహ్నం బడిలో అన్నం గంట కొట్టాక స్కూటరు మీద వచ్చి, "పాపా, మీ అవ్వకు గుండెనొప్పి. ఆస్పత్రిలో ఉండాది. నిన్ను తీసుకరమ్మన్యారు" అన్నాడు.

"మాట చెప్పు" అంది సుప్రియ.

"చీనీకాయ" అన్నాడు, ధీమాగా.

వెంటనే పాప ఎంత గట్టిగా అరిచిందంటే, బడి వంటగదిలో పనిచేసే ఆయమ్మ చేతిలో ఉన్న అన్నం క్యారియరుతో అలాగే పరుగెత్తుకొచ్చింది. తలకు కట్టు ఆ క్యారియరుదే. వాడు పారిపోబోతే స్కూటరు స్టార్టు కాలేదు. నాలుగుసార్లు కిక్కు కొట్టేసరికి ఆయమ్మ కూడా నాలుగుసార్లు కొట్టిందట.

నాకు ఒకటే అర్థం కాలేదు. "పాపా, వాడు సరైన మాటే చెప్పాడు కదా. మరి ఎందుకు అరిచావు?"

సుప్రియ పక్కకు చూసింది. అక్కడ బెంచీ మీద లక్షుమ్మ వక్కాకు నములుతూ కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి. నా గొంతు వినగానే గుర్తుపట్టింది.

"నువ్వేనా రేడియో అక్క? ఇంత పొట్టిగా ఉండావేంది?"

"అవ్వా, ఆరోజు మీరు చెప్పిన మాట..."

"నేనేమన్నా పిచ్చిదాన్నా? ఊరంతా ఇంటాంటే నిజం చెప్తానా? ఆరోజు నీకు ఫోన్ చేసిందే ఎందుకనుకున్యావు? వీళ్ళంతా ఇండ్లలో మాటలు బయటపెడ్తాండారే, ఇనేటోల్లలో దొంగ ఉండడా, ఆపమ్మా అని చెప్దామని చేస్తిని. నువ్వు యాడ ఇంటివి? మాట ఏంది అవ్వా, మాట ఏంది అవ్వా అని ఒకటే పీక్కుతింటివి. నోటికొచ్చిందేదో చెప్పి పెట్టేస్తి. ఇంటికి పోయి పాపకు చెప్పినా: ఎవడన్నా వచ్చి చీనీకాయ అంటే, వాడు రేడియో ఇని వచ్చినోడు. గొంతు పగిలేట్టు అరువు."

సి.ఐ. గారు కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నారు. మూలనున్న దొంగ తల పట్టుకుని, "నేను రేడియోను నమ్మి చెడిపోయినా సార్" అన్నాడు.

నేను లక్షుమ్మ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె కాసేపు చూసి, "ఏడ్వబాకమ్మా, పాప బాగుండాది గదా" అని వీపు నిమిరింది. నాకు తెలుసు, పాప బాగుండడంలో నా ప్రమేయం ఏమీ లేదు. ఆ ముసలామె నాకు ఫోన్ చేసింది, నేను వినలేదు. వినకపోయినా ఆమె తన పని తాను చేసుకుంది. ఇన్నేళ్ళు మాట్లాడడమే నా ఉద్యోగమనుకున్నాను. ఫోన్ అవతల ఒక మనిషి "ఒక మాట చెప్దామని" అన్నప్పుడు నోరు మూసుకోవడం కూడా అందులో భాగమేనని ఆ బెంచీ మీద తెలిసింది.

తేరుకున్నాక, ఉండబట్టలేక అడిగాను. "ఇంతకీ మీ అసలు మాట ఏందవ్వా?"

"నీకా?" అంది లక్షుమ్మ. "నీకు చెప్తే జిల్లా అంతా ఇంటాది."

డైరెక్టరు గారు గట్టిగా నవ్వేశారు. ఆయన అలా నవ్వగా నేను చూడడం అదే మొదలు. నవ్వాపుకుని, "అవ్వా, వచ్చే ఆదివారం మీరు మా స్టేషనుకు వచ్చి మాట్లాడాలి. మీ భాషలోనే" అన్నారు.

వచ్చింది. జరీ అంచు చీర కట్టుకుని, మనవరాలిని వెంటబెట్టుకుని, ఒక సంచి నిండా కాయలు తెచ్చింది. మైకు ముందు కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాను. "ఏం మాట్లాడల్ల?" అని అడిగింది. "ఆరోజు చెప్దామనుకున్నది" అన్నాను. ఎర్ర లైటు వెలిగింది. ఆమె ఉన్న పది నిమిషాలూ నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

లక్షుమ్మ గొంతు సవరించుకుంది.

"తల్లులారా, మీకు తర్వాత చెప్తా. ముందు ఇనేటోల్లలో ఉండే దొంగోనికి చెప్తాండా. ఒరే అబ్బోడా, ఈ వారం మేమంతా మాటలు మార్చుకున్యాము. బడి కాడికి వచ్చి ఊరికే పెట్రోలు కాల్చుకోవద్దు. ఆయమ్మ క్యారియరు కూడా కొత్తది కొన్యారు, అది ఇంకా పెద్దది."